బల్లకు ఆనిన చేయి

(పద్నాలుగో వారం)

పోయినవారం మనం అర్పా నది ఒడ్డున, నాగభూషణం భార్య కోమల పదకొండో మాసికం దగ్గర ఉన్నాం. పురోహితుడు అతని కుడిచేతి ఉంగరపు వేలికి దర్భ ఉంగరం, అంటే పవిత్రం, తొడగబోయాడు. ఆ వేలు, దాని పక్కన చిటికెన వేలు అరచేతిలోకి వంగి ఉన్నాయి. పవిత్రం మొదటి కణుపు దాటలేదు. జారి, పిండానికి కలిపిన అన్నంలో పడింది. కోమల అన్న తిరుమలరావు దాన్ని తీసి, కడిగి, తన కొడుకు దిలీప్ చేతికిచ్చాడు.

"సంవత్సరీకం నాటికి బావ చేత దర్భ ఇప్పించీసి, మావాడి చేత కానిచ్చీద్దాం పంతులుగారూ. చెయ్యి తెరుచుకోని మనిషిని నీళ్లొదలమంటే ఎలాగొదుల్తాడు?"

కోపంతో అనలేదు, జాలితో అన్నాడు. అందుకే నాగభూషణానికి ఆ మాట ఇంకా మింగుడుపడలేదు.

సంవత్సరీకానికి పద్దెనిమిది రోజులుంది. కొడుకులు లేని ఇల్లు. కోమలకు తన చేత్తో నీళ్లు వదలవలసిన మనిషి తనొక్కడే. ఆ పని ఇంకొకరి చేతికి పోకూడదు. అతనికి ప్రస్తుతం ప్రపంచంలో కావలసింది అదొక్కటే.

అందుకే ఆ ఉదయం లింగియాడీహ్‌లోని ఇంట్లో బీరువా అడుగున ఉన్న పాత ఆసుపత్రి చీటీ వెతికి పట్టుకొని గుమ్మంలో కూర్చున్నాడు. కూతురు సౌమ్య ఉస్లాపూర్ నుంచి స్కూటీ మీద వచ్చింది. చీటీ చూసి హెల్మెట్ తియ్యకుండానే నిలబడింది.

"ఆ హాస్పిటల్ ఎందుకు నాన్నా? రాయ్‌పూర్ వెళ్దాం. అక్కడ బడే డాక్టర్లున్నారు. నేను ఛుట్టీ పెడతాను."

"నా చెయ్యి చూసినాయన ఇక్కడున్నాడు. ఆరేళ్ల కాగితాలు ఇక్కడున్నాయి. రాయ్‌పూర్‌లో నన్నెవడెరుగు?"

"కాగితాలదేముంది, మళ్లీ తీస్తారు."

"నువ్వు రాకపోతే ఆటోలో పోతాను."

సౌమ్య హెల్మెట్ బిగించుకుని స్కూటీ తిప్పింది.

నాగభూషణం రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్‌లో ముప్పైనాలుగేళ్లు ఫిట్టర్‌గా పనిచేశాడు. ఉద్యోగం ఆఖరి రోజుల్లో ఈ జబ్బు మొదలైంది. ముందు అరచేతిలో చిన్న గడ్డలా తగిలింది. తరవాత చర్మం కింద తాడులా సాగింది. ఆ తాడు రెండు వేళ్లనూ నెమ్మదిగా లోపలికి లాగింది. నొప్పి లేదు. జేబులో చెయ్యి పెట్టబోతే వేళ్లు తట్టుకునేవి, మొహం కడుక్కుంటే కంట్లో పొడుచుకునేవి. "నాగభూషణం ఇంటికెళ్లినా స్పానర్ వదలడురా," అని షెడ్‌లో నవ్వేవాళ్లు. అతనూ నవ్వేవాడు.

ఆరేళ్ల కిందట డాక్టర్ ప్రతాప్ కోత లేకుండా, సూదితో ఆ తాడును తెంపాడు. అరగంటలో వేళ్లు తెరుచుకున్నాయి. ఆ సాయంత్రం కోమల భర్త చేతిని భోజనాల బల్ల మీద బోర్లా పెట్టించింది. అతని పనిముట్ల పెట్టెలోంచి ఫీలర్ గేజ్ తెచ్చింది. రెండు ఇనుప ముక్కల మధ్య ఎంత సందుందో చూడడానికి షెడ్‌లో వాడే పలచని ఉక్కు ఆకుల కట్ట అది. అన్నిటికన్నా సన్నని ఆకు తీసి ఉంగరపు వేలి కింద దూర్చబోయింది. దూరలేదు.

"పాస్," అంది. ఆ మాట అతని దగ్గరే నేర్చుకుంది.

ఆ తరవాత ప్రతి అమావాస్యకీ అదే పరీక్ష. ఆరు నెలలకోసారి కాగితం మీద చెయ్యి పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి పంపమన్నాడు డాక్టర్. సూదితో విప్పిన వేళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయో లెక్క కట్టడానికట. గీసేదీ, పట్టుకెళ్లి ఇచ్చేదీ కోమలే. రాత్రిళ్లు వేళ్లకు చెక్క ఆనించి పాత చీరపీలికతో కట్టేది.

మూడో ఏడు ఒక అమావాస్యకు సన్నని ఆకు దూరింది. మరికొన్నాళ్లకు దాని పక్క ఆకు. నాలుగో ఏడు దాటేసరికి ఆకులతో పని లేకుండా పోయింది. వేలి కింద అగ్గిపెట్టె పట్టేది.

"డాక్టరుగారు కాగితం చూసేరు. ఈ మాత్రం ఉంటాదన్నారు. మీరు రావక్కర్లేదన్నారు," అని ప్రతిసారీ ఆసుపత్రి నుంచి వచ్చి చెప్పేది కోమల. అతను నమ్మాడు. ముప్పైరెండేళ్ల కాపురంలో ఆవిడ చెప్పింది సరిచూసుకోవలసిన అవసరం అతనికెప్పుడూ రాలేదు.

*

డాక్టర్ ప్రతాప్ జుట్టు ఈ ఆరేళ్లలో నెరిసింది. నాగభూషణం చేతిని బల్ల మీద పెట్టించి, కీళ్ల దగ్గర కొలబద్ద ఆనించి చూశాడు. ఫైలు తిరగేశాడు. కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"పద్నాలుగు నెలల కిందటి కాగితంలో మీ చెయ్యి చక్కగా ఉందండీ. బల్లకి ఆనింది. పద్నాలుగు నెలల్లో ఇంత వంగడం నేను చూడలేదు."

కోమల వేళ్లు నొక్కిపట్టి గీసి ఉంటుంది అనుకున్నాడు నాగభూషణం. పోయిన మనిషి మీద తప్పు మోపబుద్ధి కాలేదు. తన తప్పు మాత్రం చెప్పుకున్నాడు.

"నా వల్లే డాక్టర్‌గారూ. ఆవిడ పోయినకాడ్నించీ రాత్రిళ్లు చెక్క కట్టుకోడం మానీసినాను. ఒక్కచేత్తో కట్టుకోడం అవలేదు. అవలేదంటే, కట్టుకోబుద్దీ కాలేదు."

ఎడమచెయ్యి చూపించాడు. దాని చూపుడు వేలికి చివరి కణుపు లేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఇంజన్‌కు పెట్టెను తగిలించే కప్లింగ్‌లో పడి నలిగింది. ఆ మొండివేలితో ముడి వెయ్యడం కుదరదు.

డాక్టర్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"మీరు చెక్క కట్టుకున్నా కట్టుకోకపోయినా పెద్ద తేడా ఉండదండీ. ఈ జబ్బు గుణమే అది. మేం తెంపింది తాడునే గాని, తాడును పుట్టించే గుణాన్ని కాదు. కోసి తీసేస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది, కాని గాయం పెద్దది, నెలల తరబడి మానాలి. సూదితో మర్నాటికే చెయ్యి మీది. ఆ సుఖానికి ఇదీ వెల. మళ్లీ వంగుతుంది. ఐదేళ్లయ్యేసరికి చాలామందికి వంగుతుంది."

"అందరికీనా?"

"మన వైపు ఈ జబ్బు తక్కువ. ఇన్నేళ్లలో నా దగ్గరికి పదకొండు మంది వచ్చారు. ఐదేళ్లు దాటాక తొమ్మిది మందికి తిరగబెట్టింది. ఒకాయన జాడ లేదు. మిగిలింది మీరొక్కరు." డాక్టర్ కొంచెం నవ్వాడు. "మీ కాగితాలు చూపించి ఎంతమందికి ధైర్యం చెప్పానో. ఒక సభలో కూడా మీ చేతి గురించి చెప్పాను. పేరు చెప్పలేదులెండి."

నాగభూషణం తల వంచుకున్నాడు. ఏడాదిగా రోజూ ఆ వేళ్లను చూసుకుంటూ, ఆవిడ కట్టిన కట్టు విప్పి పారేసినందుకు శిక్ష అనుకుంటున్నాడు. శిక్ష కాదట. కట్టినా వంగేదేనట. తేలికపడాల్సిన మాటే. ఎందుకో తేలికపడలేదు. ఆ తప్పు కూడా పోతే, ఆవిడ తాలూకు తన దగ్గర మిగిలింది ఇంకొకటి తగ్గినట్టయింది.

"మళ్లీ సూది వెయ్యొచ్చా?"

"వెయ్యొచ్చు. మొదటి కీలు దగ్గర బాగా వస్తుంది. మధ్య కీలు పూర్తిగా రాకపోవచ్చు, మొండికేసింది. మూడో ఏడే వచ్చి ఉంటే..." అని ఆగి, ఫైలు చూసి, "అప్పటికి బాగానే ఉందిగా," అనుకున్నాడు తనలో తను. "ఈసారి ఎన్నాళ్లుంటుందో మాత్రం చెప్పలేను. రెండేళ్లో, మూడేళ్లో."

"నాకు పద్దెనిమిది రోజులు చాలు."

డాక్టర్ సౌమ్య వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి కిందనున్న స్కూటీలను చూస్తోంది.

*

నర్సు తనూజ రైల్వే కాలనీ పిల్ల. తండ్రి ఒకప్పుడు నాగభూషణంతో పాటే షెడ్‌లో చేసినవాడు. అరచేతిని మందుతో తుడుస్తూ, "భయం లేదు కదా అంకుల్? మీరు పెద్ద పెద్ద ఇంజన్లు విప్పినోళ్లు, దీనికేటి," అంది.

"ఇంజన్‌కి నొప్పుండదమ్మా. విప్పినోడికే ఉంటాది."

తనూజ నవ్వింది. డాక్టరూ నవ్వాడు. సౌమ్య గోడకానుకుని నిలబడింది.

చర్మం మొద్దుబారేలా రెండు మూడు చోట్ల మందు ఎక్కించారు. వేలి చివర కరెంటు తగిలినట్టుంటే వెంటనే చెప్పమన్నాడు డాక్టర్, అక్కడ నరముంటుందట. తరవాత సూది మొనతో తాడు మీద అటూ ఇటూ గీకడం మొదలుపెట్టాడు. నాగభూషణం కళ్లు మూసుకోలేదు. పనివాడు పని చేస్తుంటే చూడడం అతనికి అలవాటు. కాసేపటికి డాక్టర్ సూది తీసి, ఉంగరపు వేలు పట్టుకొని మెల్లగా వెనక్కి వంచాడు. ఎండిన గోగునార పుటుక్కున తెగిన చప్పుడైంది. మరోసారి అదే చప్పుడు. వేలు పైకి లేచింది.

చిటికెన వేలు సగం వచ్చింది. ఉంగరపు వేలు మొదటి కీలు దగ్గర నిటారుగా వచ్చింది, మధ్య కీలు దగ్గర కొద్దిగా ఒంపు ఉండిపోయింది.

"ఉంగరం పడుతుందా డాక్టర్‌గారూ?"

"ఏ ఉంగరం?"

"దర్భ ఉంగరం. వచ్చేనెల ఆవిడ సంవత్సరీకం."

డాక్టర్ పళ్లెంలోంచి గాజుగుడ్డ పేలిక తీసి, పేని, మెలివేసి, ముడివేసి చిన్న ఉంగరంలా చేశాడు. దాన్ని నాగభూషణం ఉంగరపు వేలికి తొడిగాడు. మొదటి కణుపు దాటింది. ఒంపు దగ్గర కొంచెం ఆగింది. అదీ దాటి వేలి మొదట్లో కూర్చుంది.

నాగభూషణం దాన్ని చాలాసేపు చూశాడు. ఎడమచేత్తో డాక్టర్ మోచెయ్యి ఒకసారి తాకి వదిలేశాడు.

"గీత గీసుకుందాం. అలవాటు ప్రకారం," అన్నాడు డాక్టర్.

తనూజ తెల్లకాగితం తెచ్చింది. నాగభూషణం చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టాడు. ఆరేళ్ల కిందటిలా కాకపోయినా ఆనింది. పెన్సిలు వేళ్ల చుట్టూ తిరుగుతుంటే కోమల గీసే తీరు గుర్తొచ్చింది. ఆవిడ చిటికెన వేలి దగ్గర మొదలుపెట్టి బొటనవేలి దగ్గర ముగించేది. నాలిక చివర పళ్లమధ్య పెట్టుకునేది.

డాక్టర్ ఫైలులోంచి పాత కాగితాలు తీసి వరసగా పరిచాడు. పది ఉన్నాయి. "చూడండి. మొదటి రోజుది. ఇది ఏడాదికి. ఇది మూడేళ్లకి. ఇది ఆఖరిది. ఏ ఒక్కదాన్లోనూ వేలు కురచ కాలేదు."

నాగభూషణం చూశాడు. ఆఖరి ఏడు భోజనాల బల్ల మీద ఆవిడ గీసిన బొమ్మ ఇప్పుడు జ్ఞాపకం వచ్చింది. ముడుచుకున్న ఉంగరపు వేలు ఆ గీతలో మోడులా పొట్టిగా వచ్చింది. "ఇదేటి, కొమ్మ నరికినట్టుంది," అని తను నవ్వితే, ఆవిడ నవ్వకుండా కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

ఇక్కడున్న కాగితంలో ఉంగరపు వేలు పొడుగ్గా, చక్కగా ఉంది.

పొట్టిగా ఉన్నది చూపుడు వేలు.

అతను మొదటి కాగితం చూశాడు. అందులో చూపుడు వేలు నిండుగా ఉంది. రెండు, మూడు, నాలుగు, ఐదు. అన్నిటిలో నిండుగానే ఉంది. ఆరోదాన్నుంచి ఒక కణుపు తక్కువ. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. అన్నిటిలోనూ సరిగ్గా అంతే తక్కువ.

పదో కాగితాన్ని తిరగేశాడు. వెనక పెన్సిలు గీత ఉంది. ఆ గీత మీదుగానే ముందువైపు పెన్నుతో దిద్దారు. కిటికీ అద్దానికి కాగితం ఆనించి దిద్దితే అలా వస్తుంది. చిన్నప్పుడు సౌమ్యకు భారతదేశం పటం అలాగే గీసిపెట్టేది కోమల.

నాగభూషణం తన ఎడమచేతిని ఆ పెన్సిలు గీత మీద బోర్లా పెట్టాడు. సరిపోయింది. మొండివేలితో సహా అచ్చు సరిపోయింది. కాగితం తిప్పితే అదే కుడిచెయ్యిలా కనబడుతుంది.

"ఇది నా కుడిచెయ్యి కాదు డాక్టర్‌గారూ," అన్నాడు చివరికి. "మూడో ఏడాదినించీ ఇవి నా కుడిచేతివి కావు."

ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. భోజనం చేసి మంచం మీద కునుకు తీస్తుంటే ఎడమచేతి వేళ్ల మధ్య ఏదో పాకింది. కదిలితే, "చీమ. నేను తీసీసినాను, పడుకోండి," అంది కోమల. ఆవిడ చేతిలో పెన్సిలుందో లేదో అతను చూడలేదు.

డాక్టర్ కాగితాలన్నీ ఒక్కొక్కటే చూశాడు. "నేను ఎప్పుడూ ఆ రెండు వేళ్లే చూశానండీ. పక్కవేలు చూడలేదు." ఆ గొంతులో కోపం లేదు, సిగ్గుంది. పెన్ను తీసి ఫైలు అట్ట లోపలున్న అంకె కొట్టేశాడు. "అయితే తొమ్మిది కాదు, పది. సభలో చెప్పింది దిద్దుకోవాలి." పెన్ను పక్కన పెట్టి అన్నాడు: "కాని ఆవిడ ఇలా ఎందుకు చేశారు? వంగుతోందని తెలిస్తే నేనే పిలిచేవాణ్ణి. అప్పుడైతే మధ్య కీలు కూడా వచ్చేది."

నాగభూషణం పళ్లెంలో ఉన్న సూది వైపు చూస్తూ కూర్చున్నాడు. ముప్పైరెండేళ్లు తన అన్నం చల్లారకుండా చూసుకున్న మనిషి, తన చెయ్యి మూసుకుపోతుంటే మూడేళ్లు చూస్తూ ఊరుకుంది. ఊరుకోవడమే కాదు, బాగుందని కాగితం పుట్టించింది. ఎందుకు?

తనూజ కట్టు వేస్తోంది. ఆమెకు ఈ మాటల బరువు పూర్తిగా తెలియలేదు. ఊరడింపుగా ఉంటుందనుకుంది.

"ఆంటీకి మీరు ఆసుపత్రికి రావడం ఇష్టం ఉండేది కాదు అంకుల్. నేనడిగాను కూడా, అంకుల్‌ని తేలేదేటని. 'ఆయనకి ఆసుపత్రి వాసన పడదే, కాగితం నేనిస్తాను కదా,' అనేవారు. కాగితం నాకిచ్చి, కాసేపు కబుర్లాడి, మూడో అంతస్తుకి వెళ్లేవారు. ప్రతిసారీ అంతే."

"మూడో అంతస్తుకా?"

"ఆఁ. అక్కడ ఆలస్యమయ్యేది కదా. ఒక్కోసారి నా డ్యూటీ అయిపోయాక కూడా బెంచీ మీదే ఉండేవారు."

నాగభూషణం సౌమ్య వైపు తిరిగాడు. ఎవరైనా అడగవలసిన ప్రశ్న అది. అమ్మ మూడో అంతస్తుకి ఎందుకెళ్లేదని, అక్కడేముందని.

సౌమ్య అడగలేదు. దుపట్టా కొసను వేలికి చుట్టుకుంటూ నేల చూస్తోంది.

*

వరండాలో లిఫ్టు పక్క గోడకి హిందీలో బోర్డుంది. మొదటి అంతస్తు ఎముకలు. రెండు, చెవి ముక్కు గొంతు. మూడు, గుండె జబ్బులు.

పొద్దున వచ్చినప్పుడు అతను ఆ బోర్డు చూడలేదు. సౌమ్య ఆ పక్కకి రానివ్వకుండా మెట్లవైపు నడిపించింది, ఎక్కితే ఆరోగ్యమంటూ.

కోమల నిద్రలో పోయింది. పొద్దున కాఫీకి లేవలేదు. "పుణ్యాత్మురాలు, మంచాన పడకుండా ఎళ్లిపోనాది," అన్నారు అందరూ. ఉన్నట్టుండి జరిగిందనే అతనూ ఏడాదిగా అనుకుంటున్నాడు. ఫిట్టర్ బుర్ర ఇప్పుడు ఒక్కొక్క ముక్కే తీసి బిగిస్తోంది. గుండె చూపించుకుంటున్నట్టు తనకు తెలియకుండా ఒక్కర్తీ ఆసుపత్రికి రావాలంటే ఆవిడకు ఒక సాకు కావాలి. కాగితం ఆ సాకు. ఆ కాగితంలో వేలు వంగి కనబడితే డాక్టర్ తనను పిలుస్తాడు. తను వస్తే, ఆవిడతో పాటే వస్తాడు, ఆవిడతో పాటే బెంచీ మీద కూర్చుంటాడు. కాబట్టి కాగితంలో వేలు వంగకూడదు.

అంతా సరిపోయింది. సన్నని ఆకు కూడా దూరదు.

"నాన్నా, చలో. ఇంటికెళ్దాం," అంది సౌమ్య వెనకనించి. "దవాయి కింద దుకాణంలో తీసుకుందాం."

"నీకు తెలుసా?"

ఆమె మందుల చీటీ మడిచి చేతిసంచిలో పెట్టుకుంది.

"రాయ్‌పూర్ ఎందుకన్నావో ఇప్పుడు తెలిసింది."

నాగభూషణం లిఫ్టు మీట నొక్కాడు. లోపలికి వెళ్లి మూడో నంబరు నొక్కాడు. తలుపులు మూసుకోబోతుంటే సౌమ్య చెయ్యి అడ్డం పెట్టి తనూ ఎక్కింది. కట్టు కట్టిన చెయ్యి డాక్టర్ చెప్పినట్టే గుండెకు ఆనించి పైకి పెట్టుకున్నాడతను. గాజుగుడ్డ ఉంగరం తియ్యడం అందరూ మరిచిపోయారు. అది వేలికి అలాగే ఉంది.

"పైన ఎవర్నీ అడక్కు నాన్నా," అంది సౌమ్య. గొంతు చాలా చిన్నగా ఉంది. "నేను చెప్తాను. అమ్మ ఒట్టేయించుకుంది కాబట్టి చెప్పలేదు. కాని ముందు నువ్వు నాకో మాటివ్వాలి."

"ఏటి?"

"విన్న తరవాత కూడా, సంవత్సరీకం నీ చేత్తోనే చేస్తానని."

అతను కూతురి మొహంలోకి చూశాడు. ఆ చేత్తో నీళ్లు వదలడం కోసమే పొద్దుననించి ఇంత జరిగింది. దాన్నే వదులుకోవాలనిపించేంత మాట ఏముంటుంది?

సౌమ్య అరచెయ్యి చాపింది. ఇంట్లో ఎవరు మాటిచ్చినా చేతిలో చెయ్యి వేసే ఇవ్వాలి. అది కోమల పెట్టిన పద్ధతి. మూడేళ్లుగా ఆ కుడిచెయ్యి ఎవరి అరచేతిలోనూ పూర్తిగా ఆనలేదు. ఇవాళ ఆనుతుంది.

లిఫ్టు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. ఎదురుగా గోడ పక్కన ఒక పొడుగాటి బెంచీ ఉంది.

ఇద్దరూ దిగలేదు. సౌమ్య చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. నాగభూషణం చెయ్యి ఇంకా గుండె దగ్గరే ఉంది.